సాగరకన్య అడిగిన ప్రశ్న

జలమునందు వసించు జీవికిని, నేలపై నడయాడు మానవునికిని నడుమ అనురాగము పుట్టుట, ఆ అనురాగమునకు ఏదో యొక నిషేధము అడ్డుపడుట అను ఇతివృత్తము అనేక దేశముల కథలయందు కానవచ్చుచున్నది. నదీతీరములందును సముద్రతీరములందును కాపురముండిన జనులకు నీటి యడుగున వేరొక లోకము కలదను ఊహ సహజముగనే కలిగియుండును. ఇట్టి కథలలో పెక్కు వినోదము కొరకు పుట్టినవి. ఒక కథ మాత్రము వినోదముతో తృప్తి చెందక, జీవుని గూర్చియు మృత్యువును గూర్చియు ఒక ప్రశ్నను సూటిగా అడిగినది. అది డెన్మార్కు దేశీయుడగు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ రచించిన చిన్న సాగరకన్య కథ.

ఆండర్సన్ 1805 వ సంవత్సరమున ఓడెన్స్ పట్టణములో చెప్పులు కుట్టి జీవించు ఒక పేదవాని యింట జన్మించెను. తల్లి ఇతరుల బట్టలుతికి బ్రదికినది. అతడు పదునాలుగవ యేట, 1819 లో, ఆప్తులెవ్వరును లేని కోపెన్‌హేగన్ నగరమునకు ఒంటరిగా బయలుదేరి వచ్చెను. జీవితాంతము అవివాహితుడుగనే యుండెను. ఈ కథ 1837 ఏప్రిల్ నెలలో, పిల్లల కొరకని ప్రకటింపబడిన ఒక చిన్న పుస్తకమున వెలువడినది. ఆ నగరపు రేవులో ఒక బండరాతిపై కూర్చున్న సాగరకన్య కంచు ప్రతిమను 1913 లో ప్రతిష్ఠించిరి. లోకమంతయు ఎరిగిన ఆ ప్రతిమ నిజమునకు నిలువెత్తు కూడ కాదు, ఒకటింబాతిక మీటరు మాత్రమే. కథలో ఆమె నాలుకను కోసిరి. 1964 లోను, మరల 1998 లోను, ఎవరో దుండగులు ప్రతిమ శిరస్సునే కోసికొనిపోయిరి. అమెరికా దేశమున డిస్నీ సంస్థవారు 1989 లో తీసిన బొమ్మల చలనచిత్రము చూచినవారు సాగరకన్య రాజకుమారుని పెండ్లాడి సుఖించెనని తలతురు. మూలకథ అట్లు ముగియదు. ఆ ముగింపును మార్చుటతో కథలోని ప్రశ్నయే మాయమైపోయినది. కావున మూలమునే పరిశీలింపవలసియున్నది.

ఆండర్సన్‌కు పూర్వమే యూరోపు ఖండమున ఈ కథకు పునాది పడియుండెను. పారసెల్సస్ (1493-1541) అను వైద్యుడు పంచభూతములలో నాలుగింటియందు నివసించు జీవులను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. జలమునందుండు స్త్రీలను అతడు ఉండీనులనెను. రూపమునను, బుద్ధియందును, మాటయందును వారు మనుష్యులవంటివారే. తినుదురు, త్రాగుదురు, బిడ్డలను కందురు. ఐనను వారికి ఆత్మ లేదట. మానవుని వివాహమాడినచో వారికిని వారి సంతానమునకును ఆత్మ లభించునట. 1811 లో ఫూకే అను జర్మను రచయిత ఈ విశ్వాసమును ఆధారముగా గొని 'ఉండీన్' అను కథ వ్రాసెను. జాలరి దంపతులు పెంచిన ఉండీన్ వివాహమునకు ముందు అల్లరిపిల్ల. వివాహమైన మరునాటినుండి దయయు, శాంతమును, దుఃఖమును ఎరిగిన స్త్రీ. ఆత్మ వచ్చినదనుటకు రచయిత చూపిన గుర్తు ఇది. నీటిచెంత తన్ను నిందింపవలదని ఆమె భర్తను వేడుకొనెను. డాన్యూబు నదిపై పడవలో పోవుచు అతడు కోపమాపుకొనలేక నిందించెను. ఆమె నదిలో కలిసిపోయెను. అతడు వేరొకతెను పెండ్లాడిన రాత్రి, జలలోకపు కట్టడికి లోబడి ఆమెయే వచ్చి, కన్నీటితో అతని ప్రాణము గొనవలసివచ్చెను.

ఇక్కడ అనువాదకునికి ఒక చిక్కు ఎదురగును. ఆ భాషలలోని పదమునకు 'ఆత్మ' యని తెనిగించుట మనకు అలవాటైనది. కాని పారసెల్సస్ చెప్పునది ఒకరికి ఉండి మరియొకరికి లేకపోగల వస్తువు. ఒకరు మరియొకరికి పంచి యీయదగిన వస్తువు. వేదాంతము 'ఆత్మ' యను పేర చెప్పునది అట్టిది కాదు. రెండింటికిని ఒకే మాట వాడినప్పుడు పాఠకుడు తెలియకయే దారి తప్పును. ఈ కథను చదువునప్పుడు ఈ భేదమును మరువరాదు. కథ తుదకు చేరునప్పటికి దీని అవసరము తెలియగలదు.

సముద్రరాజునకు ఆరుగురు కుమార్తెలు. భార్య గతించినందున అతని తల్లి, అనగా పిల్లల నాయనమ్మ, వారిని పెంచుచుండెను. ఆమె వివేకవతి, కాని వంశగౌరవమునందు మిక్కిలి పట్టుదల కలది. తన తోకకు పండ్రెండు ఆల్చిప్పలు ధరించును, తక్కిన గొప్పవారికి ఆరు మాత్రమే. పదునైదవ యేడు నిండిన పిల్లకు నీటిపైకి పోయి లోకము చూచుటకు అనుమతి లభించును. కడగొట్టు పిల్లకు ఆ దినము వచ్చినప్పుడు నాయనమ్మ ఎనిమిది ఆల్చిప్పలను ఆమె తోకకు కరపించెను. నొప్పిగానున్నదని పిల్ల చెప్పగా, గౌరవము కావలెనన్న నొప్పి ఓర్చుకొనవలెనని బదులిచ్చెను. ఆ పిల్ల ఇంతకన్న తీవ్రమైన నొప్పిని గౌరవము కొరకు గాక మరియొకదాని కొరకు తానే కోరి తెచ్చుకొనబోవుచున్నదని ఆ వృద్ధురాలికి తెలియదు.

నీటిపైకి వచ్చిన ఆమె కంటికి ఒక ఓడ కానవచ్చెను. అందొక రాజకుమారుని పదునారవ జన్మదినోత్సవము జరుగుచుండెను. రాత్రి తుఫాను చెలరేగి ఓడ బ్రద్దలయ్యెను. మునిగిపోవుచున్న రాజకుమారుని ఆమె పట్టుకొని, తెల్లవారువరకు అతని శిరస్సును నీటిపైన నిలిపి, ఒక దేవాలయము చెంతనున్న ఇసుకపై పరుండబెట్టి, రాళ్ల చాటున దాగెను. గుడిలోనుండి వచ్చిన కన్యలలో ఒకతె అతనిని చూచెను. అతడు కన్నులు తెరచి ఆమె వంక నవ్వెను. తన్ను కాచినది ఎవరో అతనికి తెలియదు. కథలోని దుఃఖమంతయు ఈ ఒక్క పొరపాటునుండి పుట్టినది.

ఇంతవరకు ఇది ప్రేమకథ. ఇటుపిమ్మట సాగరకన్య నాయనమ్మను ఒక ప్రశ్న అడిగెను. మనుష్యులు నీట మునిగి చావకున్నచో ఎల్లకాలము బ్రదుకుదురా? సముద్రములోని మనవలె వారును చత్తురా? రాజకుమారుని నామమైనను ఇందు లేదు. ప్రేమలో పడిన పదునైదేండ్ల పిల్ల అతని యింటిని గూర్చి, అతని మనస్సును గూర్చి అడుగుట సహజము. ఈమె మృత్యువును గూర్చి అడిగెను.

నాయనమ్మ చెప్పిన సమాధానము: వారును చత్తురు, వారి ఆయుర్దాయము మనకన్న తక్కువ. మనము మూడువందల ఏండ్లు జీవింతుము. పిమ్మట సముద్రముపై నురుగై పోవుదుము, ఇక ఏమియు మిగులదు. మనుష్యునకు మాత్రము నశింపని ఆత్మ ఉన్నది. దేహము మన్నైన పిదప అది నక్షత్రముల మీదికి పోవును. ఇది విని సాగరకన్య, ఒక్క దినము మనుష్యస్త్రీనై, పిదప ఆ పైలోకమునందు పాలు పొందుటకు తన మూడువందల ఏండ్లును ఇచ్చివేయుదునని పలికెను. అట్టి తలపులు వలదని నాయనమ్మ వారించెను. మనము వారికన్న సుఖముగనే యున్నాము. లభించిన మూడువందల ఏండ్లును ఆడి పాడి గడుపుదము. ఈ రాత్రి కొలువులో నృత్యోత్సవము కలదు, పద యని బుజ్జగించెను.

కఠోపనిషత్తును ఎరిగిన పాఠకునకు ఈ ఘట్టము క్రొత్తది కాదు. మరణానంతరము జీవుడున్నాడా లేడా యని నచికేతుడు అడుగగా, యముడు ఆ ప్రశ్నను విడిచిపెట్టుమని నూరేండ్లు జీవించు పుత్రపౌత్రులను, గజాశ్వములను, బంగారమును, వాద్యములతో రథములెక్కి వచ్చు సుందరులను ఇవ్వజూపెను. ఆ నృత్యగీతములు నీయొద్దనే యుండనిమ్మని బాలుడు త్రోసిపుచ్చెను. సాగరగర్భమున నాయనమ్మ ఇవ్వజూపినవియు ఆటపాటలే, దీర్ఘాయువే. ఆండర్సన్ కఠోపనిషత్తును చదివి వ్రాసెనని చెప్పుటకు ఆధారమేమియు లేదు. చెప్పవలసిన అవసరమును లేదు. మృత్యువు ఎదుట నిలిచిన లేతమనస్సు ఏ దేశమునందైనను ఈ ప్రశ్ననే అడుగును. పెద్దలును ఈ సమాధానమునే చెప్పుదురు.

అయితే భేదము ఇక్కడనుండి ప్రారంభమగుచున్నది. యముడు పరీక్షించుటకై ప్రలోభపెట్టెను. పరీక్షలో నెగ్గిన శిష్యునకు విద్యను ఉపదేశించెను. నాయనమ్మ పరీక్షింపలేదు. తాను నిజముగ నమ్మినదే చెప్పెను. పైగా ఒక ఉపాయమును కూడ పేర్కొనెను: తల్లిదండ్రులకన్న మిన్నగా నిన్ను ప్రేమించిన పురుషుడొకడు, పురోహితుని సమక్షమున తన కుడిచేతిని నీ చేత నుంచినచో, అతని ఆత్మ నీలోనికి ప్రవహించును, నీకు ఆత్మ నిచ్చియు తనది తాను కోల్పోడు. కాని అది జరుగునది కాదు. మన తోక వారికి వికారము. ఈ విధముగా అమృతత్వమునకు త్రోవ చూపుచునే, ఆ త్రోవకు ఒక రాజకుమారుని తలుపుగా నిలిపెను. సాగరకన్య హృదయమున అతనిపై ప్రేమయు, మృత్యువును దాటవలెనను కాంక్షయు నాటినుండి ఒకే ముడిగా పడిపోయినవి. ఏది దేనికొరకో ఆమెకే తెలియదు.

శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమగు వివేకచూడామణియందు మూడు దుర్లభములు చెప్పబడినవి: మనుష్యత్వము, ముముక్షుత్వము, మహాపురుషుల ఆశ్రయము. సాగరకన్యను ఈ మూడింటితో తూచినచో ఆమె స్థితి స్పష్టమగును. ముముక్షుత్వము ఆమెకు నిండుగా కలదు. మూడువందల ఏండ్లను ఒక్క దినమునకు మారువేయ సిద్ధపడుట సామాన్యము కాదు. మనుష్యత్వము లేదు, దానికొరకే ఆమె బయలుదేరినది. ఈ కోరికను వెర్రి యనరాదు. మన శాస్త్రములును నరజన్మను అంతగనే కొనియాడినవి. మూడవది ఆమెకు దొరకలేదు. ప్రశ్న నచికేతునిది, వెదకికొనిన గురువు మాత్రము మంత్రగత్తె.

సుడిగుండముల నడుమ, ఓడ మునిగి చచ్చినవారి ఎముకలతో కట్టిన ఇంట ఆ మంత్రగత్తె నివసించును. ఆమె మోసము చేయలేదు. ఇది గమనింపదగిన విషయము. ఔషధము త్రాగినచో తోక రెండు కాళ్లగును, నడక అందరికన్న అందముగా నుండును, కాని ప్రతి అడుగును కత్తులపై నడచినట్లుండును. మరల సాగరకన్యవు కాజాలవు. అతడు వేరొకతెను వివాహమాడినచో మరునాటి తెల్లవారునప్పుడే నీ గుండె పగిలి నురుగై పోవుదువు. ఇవన్నియు ముందే చెప్పెను. తన ప్రతిఫలముగా సముద్రమున సాటిలేని ఆమె కంఠమును కోరెను, నాలుక కోసికొనెను. సమస్తమును తెలిసి సాగరకన్య అంగీకరించినది. కావున ఈ ప్రేమను నిషేధించినది రాజాజ్ఞ కాదు, కులము కాదు, తండ్రి కోపము కాదు. దేహముల భేదమే నిషేధము. ఆ నిషేధమును దాటుటకు చెల్లించిన మూల్యమే రెండవ నిషేధమైనది. తానెవరో చెప్పుటకు కావలసిన నోటినే ఆమె మొదట ఇచ్చివేసెను.

తరువాతి కథ వేగముగా సాగును. రాజకుమారుడు ఆమెను చేరదీసెను, దయ చూపెను, తన గది వాకిట ఒక మఖమలు దిండుపై పరుండనిచ్చెను. తుఫాను నాడు తన్ను కాపాడిన గుడికన్యను తప్ప వేరెవ్వరిని ప్రేమింపజాలననియు, నీలో ఆమె పోలికలు కలవనియు ఆమెతోనే చెప్పుకొనెను. అతడు క్రూరుడు కాడు. చూడలేనివాడు మాత్రమే. పొరుగురాజు కుమార్తెయే ఆ గుడికన్య యని తెలిసినప్పుడు వివాహము నిశ్చయమైనది. దేవాలయమున పెండ్లి జరిగెను. సాగరకన్య వధువు వస్త్రపు కొంగును పట్టుకొని నిలిచెను. ఆ రాత్రి తన తుది రాత్రి యని ఎరిగియు అందరిలో నృత్యము చేసెను.

అందరును నిద్రించిన పిమ్మట అక్కలు అయిదుగురు నీటిపైకి వచ్చిరి. వారి పొడవైన జుట్టు లేదు. దానిని మంత్రగత్తెకిచ్చి ఒక కత్తిని తెచ్చిరి. సూర్యోదయమునకు ముందు దీనిని అతని గుండెలో దింపుము. ఆ వెచ్చని నెత్తురు నీ పాదములపై పడినంతనే తోక మరల వచ్చును. మూడువందల ఏండ్లు మాతో బ్రదుకుదువు. అతడో నీవో, ఒకరు చావక తప్పదు అని తొందరపెట్టిరి. ఆమె డేరా తెర తొలగించి చూచెను. వధువు అతని వక్షముపై శిరస్సుంచి నిద్రించుచున్నది. వంగి అతని నుదుట ముద్దిడెను. తెల్లవారుచున్న ఆకాశమును చూచెను, కత్తిని చూచెను. అతడు నిద్రలో భార్య పేరు పలికెను. కత్తి ఆమె చేతిలో వణకెను. మరుక్షణమున దానిని దూరముగా అలలపైకి విసరివేసి, తానును సముద్రమున దూకెను.

ఇక్కడ పాఠకుడు ఒక్క క్షణము ఆగవలెను. ఈమెకు ఆత్మ లేదని కథ మొదటినుండి చెప్పుచున్నది. ఆత్మ గల రాజకుమారుడు తన ప్రాణదాతను గుర్తింపలేకపోయెను. ఆత్మ లేనిదనబడిన ఈ పిల్ల, చేతిలో కత్తియు, ఎదుట మూడువందల ఏండ్ల జీవితమును ఉండగా, తన్ను ఎరుగని వాని సుఖము కొరకు ఉనికినే వదలుకొనెను. ప్రతిఫలమేమియు లేదని ఆమె నమ్మిక. స్వర్గము లేదు, మరుజన్మ లేదు, మిగులునది నురుగు మాత్రమే. పుణ్యమాశించి చేయు త్యాగము మంచిదే. ఏమియు మిగులదని తెలిసి చేయు త్యాగమునకు తూనిక వేరు. ఇంత చేయగల జీవికి ఇంకను రావలసిన ఆత్మ ఏది? తన ఆధారవాక్యమును కథయే తన చేతితో కొట్టివేసికొనినది.

రచయితకు ఇది కొంతవరకు తెలిసియే యుండెను. 1837 ఫిబ్రవరిలో కవిమిత్రుడగు ఇంగెమన్‌కు వ్రాసిన లేఖయందు ఆండర్సన్, ఫూకే చేసినట్లు తాను చేయలేదనియు, సాగరకన్యకు అమృతత్వము లభించుట ఒక పరుని ప్రేమపై, అనగా యాదృచ్ఛికముపై, ఆధారపడియుండుట తప్పని తన అభిప్రాయమనియు తెలిపెను. అందువలననే ఆమె నురుగుగా నశింపదు. వాయుకన్యలు ఆమెను పైకి ఎత్తుకొందురు. వారికిని ఆత్మ లేదట. కాని వారు ఎవరి ప్రేమ కొరకును ఎదురుచూడనక్కరలేదు, మూడువందల ఏండ్ల సత్కర్మచేత తామే సంపాదించుకొందురు. ఈ కథకు రచయిత మొదట తలచిన పేరే 'వాయుకన్యలు'. ముగింపును తరువాత అతికించెనను విమర్శ నిలువదనుటకు ఇది యొక ఆధారము.

ఐనను ఒక లోపము కలదని చెప్పక తప్పదు. మంచి బిడ్డను చూచి వాయుకన్యలు నవ్వినచో వారి గడువులో ఒక యేడు తగ్గుననియు, చెడ్డ బిడ్డను చూచి కార్చిన ప్రతి కన్నీటి బొట్టునకు ఒక దినము పెరుగుననియు రచయిత కథ చివర చేర్చెను. అంతటి త్యాగమును చూచిన పిమ్మట చిన్నపిల్లలను ఇట్లు బెదరించుట వెలితిగా తోచును. పరుని ప్రేమపై ఆధారపడరాదనిన రచయిత, పరుల బిడ్డల నడవడిపై మరల ఆధారము పెట్టెను.

భారతీయ సంప్రదాయము నెరిగినవారు ఈ విచారణను ఇంకొక అడుగు ముందుకు కొనిపోవుదురు. పరుడు ఇచ్చునది కానిచో, సత్కర్మచేత సంపాదించునది మాత్రము ఎట్లగును? సంపాదింపబడినది ఏదో యొకనాడు వ్యయమగును. యాజ్ఞవల్క్యుడు సన్న్యసింపబోవుచు ఆస్తిని పంచి యీయనెంచినప్పుడు మైత్రేయి అడిగినదియు, దానివలన తనకు అమృతత్వము కలుగునా యనియే. సాగరకన్య నాయనమ్మను అడిగినది అదే. మైత్రేయికి దొరకిన ఉత్తరము వేరు. భర్తపై గల ప్రీతి అయినను, బిడ్డలపై గల ప్రీతి అయినను, లోలోపల ఏ వస్తువును తాకుచున్నదో దానిని తెలిసికొనుమని ఆ ఋషి ఆమెను తనలోనికే త్రిప్పెను. ఆత్మ రావలసినది కాదు, తెలియవలసినది. సత్కర్మకు స్థానము లేదని కాదు. అది అద్దముపై మకిలిని తుడుచును, ముఖమును సృష్టింపదు. ఆ మకిలి ఎంత తొలగెనో కత్తి విసరిన క్షణముననే ఆమె నడవడి చాటినది.

ఈ దేశమున జలవాసినికి ఆత్మ కలదా యను ప్రశ్న ఎవరికిని తోచకపోవుట వింత కాదు. ఇందుకు ఉలూపి కథ ఉదాహరణము. సోదరుల నడుమ ఏర్పరచుకొనిన నియమమును గోరక్షణార్థము దాటవలసివచ్చిన అర్జునుడు బ్రహ్మచర్యవ్రతముతో తీర్థయాత్రకు వెడలి, గంగాద్వారమున స్నానమాడుచుండగా కౌరవ్యుడను నాగరాజు కుమార్తె ఉలూపి అతనిని నీటి యడుగునకు కొనిపోయెను. నన్నయ ఆదిపర్వమునందును, పదునేడవ శతాబ్దమున తంజావూరు రఘునాథనాయకుని కొలువునందలి చేమకూర వేంకటకవి విజయవిలాసమునందును ఈ కథ తెలుగువారికి చిరపరిచితము. వేంకటకవి చమత్కారములకు మురిసిన చదువరి మూలములోని ధర్మవిచారమును మరచుట కలదు. అక్కడ నిషేధము దేహభేదము కాదు, వ్రతము. అసత్యదోషము రాకుండ నీ కోరికను ఎట్లు తీర్తునని అర్జునుడు అడుగును. ఆ నియమము ద్రౌపది విషయమున ఏర్పడినదనియు, ఆర్తరక్షణము ధర్మమే యనియు ఉలూపి వాదించును. నోరు కోల్పోయిన సాగరకన్యకును, క్షత్రియునితో ధర్మసూక్ష్మమును తర్కించిన ఈ నాగకన్యకును ఎంత దూరము! ఆమెకు నాగశరీరము ఉన్నదని అర్జునుడు జంకలేదు. ఆమెయు అతనినుండి ఆత్మను ఆశింపలేదు.

పిదప అశ్వమేధ సందర్భమున బభ్రువాహనుని చేత అర్జునుడు పడిపోయినప్పుడు, నాగలోకపు మణితో అతనిని బ్రదికించినది ఉలూపియే. భీష్మవధ మూలముగా వసువులిచ్చిన శాపమునుండి అతనిని విడిపించుటకే ఆ యుద్ధమును తాను ప్రేరేపించితినని అప్పుడు తెలిపెను. ఈమెయు ప్రాణదాతయే, కాని ఆ సంగతిని తన నోటితో చెప్పుకొనగలిగెను, విన్నవాడును గుర్తించెను. పాండవులు మహాప్రస్థానమునకు వెడలినప్పుడు ఉలూపి గంగలో ప్రవేశించెనని భారతము చెప్పుచున్నది. తన యింటికి తాను పోయినది, అంతే. నురుగై పోవుదునను భయము ఆ కథలో ఎక్కడను లేదు. పోతన పాఠకులకు గజేంద్రమోక్షమున ఏనుగు ఆర్తి కంఠస్థమే. ఆ మడుగులో దానిని పట్టిన మొసలియు శాపము తీరి గంధర్వుడై పోయిన విషయము తలచువారు తక్కువ. భక్తితో పిలిచిన జీవికే గాదు, కరచిన జీవికిని అక్కడ గతి ఏర్పడినది.

ఇంతమాత్రముచేత డెన్మార్కు కథను చులకన చేయుట న్యాయము కాదు. అన్ని జీవులయందును ఒకే వస్తువున్నదని పుట్టుకతో విన్నవారు, ఆ మాటను ఆచరణయందు ఎంతమాత్రము నిలుపుకొనిరో తమ్ము తాము ప్రశ్నించుకొనవలసియుండును. వాకిట నిలిచిన మూగవానిని చూడలేకపోయిన రాజకుమారులు ఇక్కడను కొదువ లేరు. తన మతవిశ్వాసము జలజీవికి ఆత్మ నీయకున్నను, ఆండర్సన్ ఆ జీవి పక్షముననే నిలిచి, చిత్తశుద్ధితో ఆమె దుఃఖమును అనుసరించి పోయెను. ఆ శ్రద్ధయే అతనిని తన సిద్ధాంతమునకు ఆవలి యొడ్డునకు కొనిపోయినది.

కథ మొదట రచయిత ఒక చిన్న విషయము చెప్పియుండెను: సాగరకన్యలకు కన్నీరు రాదు, అందుచేత వారి బాధ మరింత ఎక్కువ. వాయుకన్యల నడుమకు చేరిన పిమ్మట ఆమె సూర్యుని వైపు చేతులెత్తినప్పుడు, మొట్టమొదటిసారి ఆమె కన్నులు చెమర్చినవి. క్రింద ఓడపై రాజకుమారుడును వధువును ఆమె కొరకు వెదకుచు నురుగు వంక చూచుచున్నారు. కంటికి కనబడకయే ఆమె వధువు నుదుట ముద్దిడి, అతనిని చూచి చిరునవ్వు నవ్వి, తక్కిన వాయుకన్యలతో పైకి పోయెను. వారి పని యేమని ఆమె అడుగగా వారు ముందే చెప్పియుండిరి: వేడిగాలికి, తెగుళ్లకు జనులు ప్రాణములు విడుచు ఉష్ణదేశములకు పోయి, అక్కడ చల్లదనమును వీచుట.